ముట్టు వచ్చాకనా, రాకముందా? గర్భస్రావానంతర గర్భనిరోధంపై తెలుగు వైద్యవచన పరిశీలన

వైద్యవచనాన్ని సాహిత్య విమర్శ పరిధిలోకి తీసుకురావలసిన అవసరం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. శాస్త్రవిషయాన్ని శాస్త్రజ్ఞులు చూసుకుంటారని, భాషాశాఖ పని పద్యమూ కథా నవలా అని మనలో చాలామందికి ఒక అలవాటైన అభిప్రాయం ఉంది. ఈ వ్యాసం ఆ అభిప్రాయంతో సుదీర్ఘంగా వాదించదు. ఒకే ఒక వాక్యాన్ని ముందుంచుతుంది. మాత్రలతో గర్భస్రావం జరిగిన స్త్రీకి తెలుగులో ఎక్కువగా అందే సలహా దాదాపు ఇలా ఉంటుంది: నెలసరి వచ్చిన తరువాత గర్భనిరోధక సాధనం మొదలుపెట్టండి. ఇది ఏ ఒక్క రచన నుంచో ఎత్తి చూపుతున్న వాక్యం కాదు. పత్రికల వైద్యశీర్షికల్లోనూ, ఆసుపత్రి వరండాల్లోనూ, బంధుస్త్రీల మాటల్లోనూ తిరుగాడే సలహాకు సామాన్యరూపం. ఈ వాక్యంలో వ్యాకరణదోషం లేదు, శబ్దకాఠిన్యం లేదు. ఉన్నదల్లా 'తరువాత' అనే ఒక్క మాట. ఆ మాటను నమ్మిన స్త్రీ రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ గర్భవతి అయ్యే వీలుంది.

ఎందుకో తెలియాలంటే శరీరంలో జరిగేది కొంత చెప్పుకోవాలి. మాత్రల పద్ధతిలో రెండు మందులుంటాయి. మొదటిదైన మిఫెప్రిస్టోన్ గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరోన్ పనిని అడ్డుకుంటుంది. ఒకటి రెండు రోజుల తరువాత వాడే మిసోప్రోస్టాల్ గర్భాశయాన్ని సంకోచింపజేసి పిండాన్ని బయటికి పంపుతుంది. మన దేశంలో మిఫెప్రిస్టోన్‌కు 2002లో అనుమతి లభించింది. రెండు మందులూ ఒకే పెట్టెలో వచ్చే కాంబిప్యాక్‌ను 2008లో 63 రోజుల లోపు గర్భానికి ఆమోదించారు. గర్భం తొలగగానే శరీరం మళ్ళీ తన చక్రాన్ని మొదలుపెడుతుంది. అండం విడుదల కావడానికి సగటున మూడు వారాలు పడుతుందని, 8వ రోజునే విడుదలైన సందర్భాలూ ఉన్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. రెండు వారాల లోపే తిరిగి గర్భధారణకు అవకాశం ఉంటుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట. తరువాతి ముట్టు మాత్రం సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు గాని రాదు. వరస స్పష్టం: ముందు అండం, ఆ తరువాత ముట్టు. మన సలహావాక్యం ఈ వరసను తలకిందులు చేస్తోంది.

ఈ పొరపాటును వైద్యుల తొందరపాటుగానో అనువాదకుల అజాగ్రత్తగానో కొట్టిపారేయడానికి వీల్లేదు. ఆ వాక్యం అంత సులభంగా తెలుగు చెవికి ఎక్కడానికి కారణాలు తెలుగులోనే ఉన్నాయి. అందువల్లనే ఇది మన శాఖకు సంబంధించిన విషయమైంది.

నెత్తురు చుట్టూ అల్లుకున్న కాలగణన

తెలుగులో గర్భధారణను సూచించే పలుకుబళ్ళు చూడండి. నెల తప్పింది, నీళ్ళోసుకుంది, కడుపుతో ఉంది, ఒట్టి మనిషి కాదు. మొదటిది ముట్టు రాకపోవడాన్నే గర్భానికి గుర్తుగా తీసుకున్నది. చివరిది స్త్రీని నిండుగానో ఒట్టిగానో చూస్తుంది. గర్భం ధరించగల స్థితి, అంటే నిండకముందు, నిండే వీలున్న ఆ మధ్యకాలం, ఈ పలుకుబళ్ళలో ఎక్కడా లేదు. అండం విడుదల అనేది పాఠ్యపుస్తకం మాట. ఇంట్లో దానికి పేరు లేదు. కంటికి కనిపించనిదానికి పేరు లేకపోవడం వింత కాదు. కనిపించే గుర్తు నెత్తురే కాబట్టి కాలగణన అంతా దాని చుట్టూ సాగింది.

దీని వెనుక శాస్త్రసంప్రదాయం బలం కూడా ఉంది. మనుస్మృతి ఋతుకాలాన్ని పదహారు రాత్రులుగా లెక్కించి మొదటి నాలుగింటిని నిషేధిస్తుంది. సుశ్రుతసంహిత శారీరస్థానం పన్నెండు రాత్రులు అంటుంది. లెక్కలు వేరైనా రెండింటా ఆరంభబిందువు రజోదర్శనమే. ఋతుస్నాత అనే సమాసం మన కావ్యాల్లో ఎన్ని చోట్ల వచ్చినా అర్థం ఒకటే: నెత్తురు కనిపించింది, స్నానమయింది, ఇక క్షేత్రం సిద్ధం. ఈ తర్కంలో పెరిగిన చెవికి 'ముట్టు వచ్చిన తరువాతే జాగ్రత్త' అన్న మాట కొత్తగా వినిపించదు. పూర్వం గర్భధారణకు చెప్పిన నియమాన్నే ఇప్పుడు గర్భనిరోధానికి తిప్పి చెప్పినట్టుంటుంది.

అయితే అదే సుశ్రుతసంహిత, అదే చోట, ఇంకో మాట కూడా చెప్పింది. ఆర్తవం కంటికి కనిపించకపోయినా ఋతుకాలం ఉండే స్త్రీలు ఉంటారని కొందరి మతమని ఆ గ్రంథం పేర్కొంటుంది. అదృష్టార్తవ అన్న పదం అక్కడిదే. దీన్ని ఆధునిక శరీరశాస్త్రానికి ముందస్తు రూపంగా చూపించడం నా ఉద్దేశం కాదు. అటువంటి సమన్వయాలు మన పత్రికల్లో అవసరానికి మించే వచ్చాయి. నేను గమనించమంటున్నది వేరు. నెత్తురు కనిపించకుండానే గర్భం నిలవవచ్చునన్న జ్ఞానం మన సంప్రదాయానికి పరాయిది కాదు, ప్రధాన ధోరణి కింద అణిగిపోయిన పక్షంగా ఉంది. జనజీవితంలోనూ ఉంది. పాలిచ్చే తల్లి ఒక్క ముట్టయినా చూడకుండానే మళ్ళీ కడుపుతో ఉండటం మన ఊళ్ళలో ఎవరూ ఆశ్చర్యపడే సంగతి కాదు. చంటిపిల్ల తల్లి విషయంలో సహజంగా ఒప్పుకున్నదాన్ని గర్భస్రావమైన స్త్రీ విషయంలో మన సలహావచనం ఎందుకు వాడుకోలేదు? 'పాలిచ్చే తల్లికి ముట్టు రాకుండానే ఎలా నిలుస్తుందో ఇప్పుడు నీకూ అలాగే' అన్న ఒక్క పోలిక చాలు. ఆ పోలికను ఏ వైద్యశీర్షికలోనూ నేను చూడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ప్రసవం మంగళం, గర్భస్రావం అమంగళం. రెండింటినీ ఒకే ఉపమానంలో కూర్చోబెట్టడానికి రచయితల కలం జంకింది.

ఏ నెత్తురు?

సలహావాక్యంలోని 'నెలసరి' అన్న నామవాచకం వద్దా చిక్కు ఉంది. మాత్రలు వాడాక రక్తస్రావం ఒక్క రోజుతో ఆగదు. సాధారణంగా తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులు, కొందరికి అంతకంటే ఎక్కువ రోజులు ఉంటుంది. ఈ స్రావాన్ని ఏ పేరుతో పిలవాలి? మందుల దుకాణం ముందు నిలబడిన స్త్రీ, ఆమె తరఫున వచ్చిన మగమనిషి, గర్భం తీసే మాత్ర అని అడగరు. పీరియడ్ రావడానికి మాత్ర అంటారు. ఆ మాటలో ఒక రక్షణ ఉంది. అడిగేవారి పరువూ అమ్మేవారి పరువూ దాని చాటున నిలుస్తాయి. కాని ఆ మర్యాదకు మూల్యం తరువాత చెల్లించవలసి వస్తుంది. ముట్టు రావడానికి అని మింగిన మాత్రతో వచ్చిన నెత్తురు ముట్టే అవుతుంది గదా! ఆ స్త్రీకి 'నెలసరి వచ్చిన తరువాత మొదలుపెట్టు' అంటే ఏమని అర్థమవుతుంది? ఇప్పుడు వస్తున్నది నెలసరి అనుకుంటే, ఆమె గర్భనిరోధకాన్ని వెంటనే మొదలుపెడుతుంది, అది క్షేమం. రాబోయే నెలకు వచ్చేదే నెలసరి అనుకుంటే నెలకు పైగా ఆగుతుంది, అది ప్రమాదం. ఒకే వాక్యం, రెండు అన్వయాలు. ఒకటి కాపాడుతుంది, ఇంకొకటి ముంచుతుంది. కావ్యంలో ఇలాంటి ద్వ్యర్థానికి శ్లేష అని పేరు పెట్టి మెచ్చుకుంటాం. ఇక్కడ అది భాషాపరంగా జరిగిన నేరం కిందే లెక్క.

దీనికి తోడు, గర్భం తొలగిన కొన్ని వారాల దాకా మూత్రపరీక్షలో గర్భం ఉన్నట్టే చూపవచ్చు. హార్మోను శరీరం నుంచి నెమ్మదిగా పోతుంది. కాబట్టి పాతదాని నీడ ఏదో, కొత్తదాని రాక ఏదో ఇంటి పరీక్షతో తేల్చుకోవడం సాధ్యం కాదు. సందేహం కలిగిన స్త్రీకి పరీక్షపట్టీ తోడురాదు, ముందుగా అందిన మాటే తోడు.

'ఇంచు' ప్రత్యయం, డాక్టరు లేని గది

గర్భస్రావానికి తెలుగు క్రియలు పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. తానంతట అదే పోతే 'కడుపు పోయింది'. అకర్మకం, కర్త లేదు. కావాలని చేస్తే 'కడుపు తీయించుకుంది', 'అబార్షన్ చేయించుకుంది'. గర్భనిరోధంలోనూ ఇదే తీరు: లూప్ వేయించుకుంది, సూది వేయించుకుంది, ఆపరేషన్ చేయించుకుంది. ప్రేరణార్థక ప్రత్యయం 'ఇంచు' వచ్చి, దానిపై ఆత్మనేపదార్థక 'కొను' చేరింది. పని మరొకరిది, ఫలం తనది. ఈ క్రియారూపంలోనే మంత్రసాని గానీ నర్సు గానీ డాక్టరు గానీ అదృశ్యంగా కూర్చుని ఉంటారు. స్త్రీ తన శరీరం విషయంలో ఎంత నిర్ణయం తీసుకున్నా భాష ఆమెను మరొకరి చేతికింద ఉంచుతుంది.

మాత్రల పద్ధతి ఈ వ్యాకరణాన్ని మార్చింది. 'మాత్రలు వేసుకుంది', 'మింగింది'. ప్రేరణార్థకం పోయింది. స్త్రీ కర్త అయింది. స్త్రీవాద దృష్టితో చూస్తే దీన్ని స్వాగతించవలసిందే, నేనూ స్వాగతిస్తాను. కాని 'ఇంచు'తో పాటు ఎదుటి మనిషి కూడా వాక్యం నుంచి వెళ్ళిపోయింది. 2015లో మన దేశంలో 1 కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగాయని, వాటిలో దాదాపు 73 శాతం ఆరోగ్యకేంద్రాల వెలుపల మందులతోనే జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వెలువడిన అంచనా. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు స్త్రీల విషయంలో తరువాతి సంగతులు చెప్పే మనిషి ఎదురుగా లేదు. ఉన్నదల్లా పెట్టెలోని కాగితం, అదీ చాలావరకు ఇంగ్లీషులో, సూక్ష్మాక్షరాలతో. లేదా పత్రికలో ఎప్పుడో చదివిన సలహా. ఒకప్పుడు వైద్యవచనం డాక్టరు మాటకు అనుబంధం. ఇప్పుడు అదే డాక్టరు స్థానంలో నిలిచింది. ఈ బాధ్యత పెరిగినంతగా ఆ వచనం పెరగలేదు.

సాహిత్యం ఎక్కడ ఆగింది?

మన సాహిత్యం ఈ విషయంలో మౌనంగా ఉన్నదని అనడం అన్యాయమే. వితంతు పునర్వివాహ ఉద్యమకాలపు వచనంలో భ్రూణహత్య ప్రధాన వాదాంశం. అక్కడ గర్భస్రావం సమాజ పాపానికి సాక్ష్యంగా వచ్చింది. స్త్రీ ఆరోగ్యవిషయంగా రాలేదు. శతాబ్దం చివరికి, 1990లో 'గురిచూసి పాడేపాట', 1993లో 'నీలిమేఘాలు' సంకలనాల కాలానికి, దృశ్యం పూర్తిగా మారింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' కవితలు ఆసుపత్రి గదిని కవితావస్తువుగా చేశాయి. రెండో కవిత శీర్షికనే తీసుకుందాం. స్టేట్‌మెంట్ అనేది ఠాణాలో ఇచ్చేది, కోర్టులో ఇచ్చేది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీని ముద్దాయి స్థానం నుంచి వాఙ్మూలం ఇచ్చే సాక్షి స్థానానికి తెచ్చిన పదం అది. ఒక శీర్షిక ఇంత పని చేయడం అరుదు.

అయినా ఒక పరిమితి గుర్తించాలి. నేను చదివినంతలో స్త్రీవాద కవిత్వం గదిలోపలి క్షణం మీద నిలిచింది: బల్ల, దీపం, పరికరం, నొప్పి. గది బయటికి వచ్చిన తరువాతి ఆరు వారాలు కవిత్వానికి అందలేదు. ఆ వారాల్లో నాటకీయత లేదు. నెత్తురు తగ్గుతుంది, పని మొదలవుతుంది, భర్త దగ్గరికి వస్తాడు. మరో గర్భానికి బీజం పడేది సరిగ్గా ఈ నిర్నాటకీయ కాలంలోనే. కవిత్వం వదిలిన ఈ చోటును వచనం అందుకోవలసింది.

జనాదరణ పొందిన నవల, సినిమా అందుకున్నాయి గాని తప్పుదారిలో. కథానాయిక ఏదో దశలో గర్భస్రావం చేయించుకుంటుంది. కొన్నేళ్ళకు డాక్టరు కళ్ళజోడు తీసి, ఇక ఆమెకు పిల్లలు పుట్టే అవకాశం లేదని చెబుతుంది. ఈ దృశ్యం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. శిక్ష కథకు అవసరం, శాస్త్రానికి కాదు. ఉపద్రవాలు లేకుండా ముగిసిన మాత్రల గర్భస్రావం తరువాతి గర్భధారణ శక్తిని తగ్గించదన్నది వైద్యశాస్త్రం స్పష్టంగా చెప్పే విషయం. అనారోగ్యకర పద్ధతుల్లో చేసినప్పుడు సోకే ఇన్ఫెక్షన్ నాళాలను దెబ్బతీయగలదు, ఒకనాటి భయానికి ఆధారం అదే. ఆ భయం పద్ధతి మారినా మారలేదు. పైగా ఇప్పుడు అది రెండు విధాల హాని చేస్తోంది. ఒక పక్క అవసరమైన స్త్రీని వణికిస్తుంది. ఇంకో పక్క, ఇక నాకు నిలవదులే అన్న నమ్మకంతో గర్భనిరోధాన్నే వదిలేయిస్తుంది. మెలోడ్రామా సృష్టించిన బంధ్యత్వం వాస్తవంలో అవాంఛిత గర్భానికి దారి తీయడం చిత్రమైన వైరుధ్యం.

దీనికి భిన్నంగా నిలిచిన గ్రంథం 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన 'సవాలక్ష సందేహాలు'. స్త్రీల ఉద్యమం నుంచి వచ్చిన ఈ పుస్తకాన్ని తెలుగు వచన చరిత్రలో ఒక మైలురాయిగా లెక్కించాలని నా అభిప్రాయం. మన వచన చరిత్రకారులు ఇంకా ఆ పని చేయలేదు. పేరు చూడండి. సందేహం అజ్ఞానానికి గుర్తు కాదని, అది లక్షల్లో ఉండటమే సహజమని ఆ పేరు ముందే ఒప్పుకుంది. చదువరిని రోగిగా కాక సందేహం అడగగల మనిషిగా నిలబెట్టింది. కాని కాలక్రమం ఒకటి మరవకూడదు. ఆ పుస్తకం వచ్చిన పదకొండేళ్ళకు గాని మిఫెప్రిస్టోన్ ఈ దేశంలో అనుమతి పొందలేదు. మన భాషలో స్త్రీ ఆరోగ్యంపై వచ్చిన మంచి పుస్తకానికి ఈ మాత్రల గురించి చెప్పే అవకాశమే లేదు. ఆ తరువాత ఆ స్థాయి వచనం ఈ విషయంపై పుస్తకరూపంలో నాకు కనిపించలేదు.

ఆపరేషన్ అనే ఏకవచనం

గర్భనిరోధ పదజాలం ఇంకో కథ. కుటుంబ నియంత్రణ, 1977 తరువాత ప్రభుత్వ వ్యవహారంలో కుటుంబ సంక్షేమం. పత్రికల్లో పొట్టిగా కు.ని. 1965 ప్రాంతంలో వచ్చిన లిప్పీస్ లూప్ ఏనాడో వెళ్ళిపోయినా, రాగితీగ చుట్టిన సాధనాన్ని ఇప్పటికీ మన ఊళ్ళలో లూప్ అనే అంటారు. 1968లో వచ్చిన నిరోధ్ ఒక సంస్కృత భావవాచకాన్ని అంగట్లో అమ్మే వస్తువు పేరుగా మార్చేసింది. ఇవన్నీ ఒక ఎత్తు, 'ఆపరేషన్' ఒక ఎత్తు. మన ఇళ్ళల్లో 'ఆపరేషన్ అయిందా?' అంటే అది ఏ ఆపరేషన్ అని ఎవరూ తిరిగి అడగరు. గుండెకో కంటికో అయితే విశేషణం కావాలి, ట్యూబెక్టమీకి అక్కరలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవారే. తాత్కాలిక సాధనాల వాడకం రెండు చోట్లా అతి స్వల్పం. విశేషణం అక్కరలేని నామవాచకం వెనుక ఉన్నది ఈ అంకె.

దీని ప్రభావం గర్భస్రావానంతర సంభాషణపై నేరుగా పడుతుంది. ఇద్దరు పిల్లలున్న స్త్రీకి 'ఇక ఆపరేషన్ చేయించుకో' అన్నది సిద్ధంగా ఉన్న వాక్యం. ఒక బిడ్డ ఉండి రెండో బిడ్డకు ఎడం కావాలనుకునే స్త్రీకి, ఇంకా బిడ్డలే లేని స్త్రీకి, పెళ్ళి కాని స్త్రీకి సిద్ధంగా ఉన్న వాక్యం లేదు. ఎడం అన్న మాటే మన కుటుంబ నియంత్రణ వచనంలో బలహీనం. ఆగిపోవడం ఉంది, ఆగి సాగడం లేదు. చట్టం కొంత ముందు నడిచింది. 1971 నాటి గర్భస్రావ చట్టంలో గర్భనిరోధం విఫలమైన 'వివాహిత స్త్రీ, ఆమె భర్త' అని ఉన్నచోట 2021 సవరణ 'ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి' అని మార్చింది. వైద్యశీర్షికలు ఇంకా దంపతుల్లారా అనే సంబోధన వదల్లేదు.

'ఫెర్టిలిటీ'కి తెలుగు ఏమిటన్న చిక్కు కూడా ఇక్కడే. సంతానోత్పత్తి సామర్థ్యం అనే సమాసం నోటికి బరువు, చెవికి అధికారభాష. పట్టణాల బోర్డుల మీద వెలిగే సంతాన సాఫల్యం ఇంకా ఇబ్బందికరం. సాఫల్యం అన్నాక దాని ఎదుట వైఫల్యం వచ్చి నిలబడుతుంది. గర్భం నిలవడం విజయమైతే, నిలవకూడదని కోరుకునే స్త్రీ ఏ గెలుపు కోరుతున్నట్టు? గర్భస్రావం తరువాత అదే శక్తి ఒకరికి ఆశ, ఇంకొకరికి ఆందోళన. రెంటికీ సరిపోయే తటస్థ పదం 'మళ్ళీ కడుపు నిలవడం'. నామవాచకం కోసం వెదికి అలసిపోవడం కంటే క్రియతో సరిపెట్టుకోవడం తెలుగు స్వభావానికి దగ్గర.

ఆలి, వచ్చు

సాధనాల విషయంలో నేటి వైద్యమార్గదర్శకాలు చెప్పేది క్లుప్తంగా ఇది. గర్భనిరోధక మాత్రలను గర్భస్రావపు మొదటి మాత్ర వేసుకున్న రోజునే మొదలుపెట్టడానికి అభ్యంతరం లేదు. ప్రభుత్వం అంతరా పేరుతో ఇచ్చే మూడు నెలల సూది కూడా అదే రోజు వేయవచ్చు గాని, అలా వేస్తే గర్భం తొలగక కొనసాగే ప్రమాదం కొద్దిగా పెరుగుతుందని ముందే చెప్పాలి. లూప్ మాత్రం గర్భస్రావం పూర్తయిందని నిర్ధారించుకున్నాకనే. కండోమ్ కలయిక మొదలైన రోజు నుంచే. వీటిలో ఏదీ ముట్టు కోసం ఆగనక్కరలేదు.

మరి ఈ సమాచారాన్ని ఏ విధ్యర్థంలో చెప్పాలి? పాత తప్పును దిద్దాలన్న ఆత్రుతలో 'వెంటనే మొదలుపెట్టాలి' అని రాయబోతాం. నేనూ మొదట అలాగే రాశాను, ఆ 'ఆలి' దగ్గర చేయి ఆగింది. ఈ దేశంలో కుటుంబ నియంత్రణ చరిత్ర అంతా 'ఆలి' చరిత్రే. ఎమర్జెన్సీ రోజులు గుర్తున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. గర్భస్రావం కోసం వచ్చిన స్త్రీతో 'లూప్ వేయించుకుంటేనే', 'ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే' అని బేరమాడటం ఎక్కడా జరగలేదని మనలో ఎవరూ ప్రమాణం చేయలేం. గర్భనిరోధాన్ని నిరాకరించినంత మాత్రాన గర్భస్రావ సేవ నిరాకరించరాదని కేంద్రప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ సంగతి స్త్రీకి ఎవరు చెబుతారు? అజ్ఞానాన్ని తొలగించే వాక్యమే బలవంతపు వాక్యంగా మారకుండా చూడటం వ్యాకరణం చేయవలసిన పని. వాస్తవానికి నిశ్చయార్థకం, సాధనానికి ఐచ్ఛికం. ఈ విభజన పాటించి ఒక ముసాయిదా రాశాను:

మాత్రలు వేసుకున్నాక వచ్చే నెత్తురు ముట్టు కాదు. అసలు ముట్టు నాలుగు నుంచి ఆరు వారాలకు వస్తుంది. అది రాకముందే మళ్ళీ కడుపు నిలవవచ్చు, రెండు వారాలు తిరక్కుండానే నిలిచే వీలుంది. పాలిచ్చే తల్లికి ముట్టు రాకుండానే నిలిచినట్టు. ఇప్పట్లో బిడ్డ వద్దనుకుంటే ముట్టు కోసం ఆగకండి. మాత్ర, సూది, లూప్, కండోమ్, వీటిలో ఏది వాడతారో, అసలు వాడతారో లేదో మీ ఇష్టం. ఏదీ వద్దన్నా మీకు అందవలసిన వైద్యం ఆగదు. బిడ్డ కావాలనుకుంటే, ఈ మాత్రల వల్ల ముందుముందు కడుపు నిలవకుండా పోదు.

ఈ ముసాయిదాలో నాకే తృప్తి లేని చోటు 'నిలవవచ్చు'. తెలుగు 'వచ్చు' సంభావ్యతనూ అనుమతినీ ఒకేలా చెబుతుంది. వాన రావచ్చు, మీరు రావచ్చు. పైగా వానరావచ్చు అన్నవాడు గొడుగు తీసుకోడు. సంభావ్యార్థంలో 'వచ్చు' వినేవారి చెవికి ఎప్పుడూ తక్కువగానే వినబడుతుంది. 'నిలుస్తుంది' అంటే అందరికీ నిలుస్తుందన్న అసత్యం. 'నిలిచే ప్రమాదం ఉంది' అంటే బిడ్డను కోరుకునే స్త్రీ మనసుకు గాయం. 'నిలిచే వీలుంది' అన్నది ఉన్నవాటిలో నయం అనిపించి రెండో సగంలో వాడాను. మొదటి సగంలోనూ అదే వాడితే పునరుక్తి అవుతుందని మానేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, అక్కడ పునరుక్తి దోషం కాదు. 'వచ్చు' కొట్టివేసి రెండు చోట్లా 'వీలుంది' అనే ఉంచుతున్నాను.